బుడమేరు నీళ్లు దిగాక ఒక ఇంట్లో ప్లగ్ పాయింట్లు మళ్లీ ఎక్కడ పెట్టాం

హాలు గోడ మీద బురద గీత నేల నుంచి 3 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఉంది. టేపు పెట్టి కొలిచాను. ఆ గీత కింద 11 ప్లగ్ పాయింట్లు, పైన 9. కింద ఉన్న ఒకదాని ప్లేటు విప్పితే బాక్సు నిండా నల్లటి ఒండ్రు, గడ్డపెరుగులా కదలకుండా కూర్చుని ఉంది.

విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇల్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు మునిగిన వేల ఇళ్లలో ఇదొకటి. నీళ్లు దిగి పది రోజులు దాటాక వైరింగ్ పనికి నన్ను పిలిచారు. కింద రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు, వెనక చిన్న వరండా, మొత్తం 950 చదరపు అడుగులు ఉంటుంది. పైన ఒక గది, మిగతాది డాబా. ఇంట్లో రిటైరైన మాస్టారు, వాళ్లావిడ, మాస్టారి తల్లి, బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్న కూతురు. కొడుకు డాలస్‌లో ఉంటాడు.

గుమ్మంలో కాలు పెట్టగానే మాస్టారు అన్న మొదటి మాట ఇది: "బాబూ, ఈసారి ఒక్క పాయింటు కూడా కింద పెట్టొద్దు. అన్నీ అయిదడుగుల పైనే పెట్టెయ్. మళ్లీ నీళ్లొచ్చినా తడవకూడదు."

ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆ మాటకి వెంటనే సరే అనలేదు. వరండాలో పారేయడానికి కుప్ప పోసిన సామాన్లు చూశాను. అందులో 6 ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఉన్నాయి. 20 పాయింట్లున్న ఇంట్లో 6 ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఎందుకు వాడుతున్నారు? ఈ పని మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందు పాత వైరింగ్ సంగతి

2016లో కట్టిన ఇల్లు. పాత కాంట్రాక్టరు కింది పాయింట్లన్నిటికీ పైపులు నేలలో వేశాడు. టైల్స్ కింద నుంచి ఒక గోడ దగ్గర దిగి ఇంకో గోడ దగ్గర లేస్తాయి. పైపు తక్కువ పడుతుంది, గోడకి గాడి తక్కువ కొట్టాలి, పని తొందరగా అవుతుంది. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. వరద వస్తే మాత్రం ఆ పైపు గిన్నెలాగా నీళ్లు పట్టి ఉంచుతుంది. బయట నేల ఆరిపోయినా లోపల నెలల తరబడి తడి అలాగే ఉంటుంది.

మెగ్గర్ (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతుందేమో చూసే మీటరు) పెట్టి 500 వోల్టుల మీద చూశాను. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కనీసం 1 మెగా ఓమ్ రావాలి. లైట్లు, ఫ్యాన్ల లైన్లలో స్విచ్ బోర్డు వరకూ బాగానే వచ్చింది. కింది పాయింట్లలో ముల్లు సున్నా దగ్గర నుంచి కదల్లేదు. వైరు లాగుదామంటే ఒండ్రు పట్టేసి రాలేదు. పైపులో వైరు లాగే స్ప్రింగ్ వేస్తే మధ్యలో ఆగిపోయింది. నేల పైపులన్నీ అక్కడే వదిలేద్దామని నిర్ణయించాను. నీళ్లలో మునిగిన స్విచ్చులు, సాకెట్లు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చులు) ఆరబెట్టి మళ్లీ వాడదామని మాస్టారి బావమరిది సలహా ఇచ్చాడు. ఒక సాకెట్ పగలగొట్టి లోపల ఇత్తడి రేకులకి పట్టిన చిలుము చూపించాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

కొత్త పైపులు ఎక్కడి నుంచి తేవాలన్నది దీంతోనే తేలిపోయింది. శ్లాబుకి 6 అంగుళాల కింద బయటి 9 అంగుళాల గోడల్లో అడ్డంగా ఒక వరస, అక్కడి నుంచి ప్రతి పాయింటుకీ నిలువుగా దింపుడు. ఇలా దింపిన పైపులోకి వరద నీళ్లు వచ్చినా, వరద తీసినప్పుడు బాక్సులోంచి అవే కారిపోతాయి. బాక్సు కడిగి, ఆరనిచ్చి, కొత్త వైరు లాగొచ్చు, గోడ కొట్టక్కర్లేదు. లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలవే. వాటిలో అడ్డంగా గాడి కొడితే గోడ బలం పోతుంది కాబట్టి ఆ గోడల మీద పైన అటక ఎత్తులో ప్లాస్టిక్ కేసింగ్ వేశాను. చూడ్డానికి అంత బాగుండదు, నిజమే. అటక మీద సామాన్లు పెట్టాక ఎవరికీ కనబడదు.

అన్నీ పైన పెడితే ఏమవుతుంది

పాత విజయవాడ ఇళ్లు గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. గుమ్మం పక్కన నాలుగున్నర అడుగుల ఎత్తున చెక్క బోర్డు, దాని మీద నాలుగు స్విచ్చులు, ఒక రెగ్యులేటరు, ఒకే ఒక్క ప్లగ్గు. గదికంతటికీ అదే ఆధారం. రేడియో ఉన్న రోజుల్లో సరిపోయింది. ఫోన్లు వచ్చాక ఆ ప్లగ్గుకి ఫోను వేలాడుతూ ఉండేది, లేదా బోర్డు పైఅంచు మీద పడీ పడనట్టు నిలబడేది. మంచం దగ్గరికి కరెంటు కావాలంటే ఎక్స్‌టెన్షన్ బోర్డు తప్ప దారి లేదు.

మాస్టారికి నేను చెప్పింది ఇదే. "సార్, సాకెట్ మీరు పైన పెట్టిస్తారు, బాగానే ఉంది. వారం తిరిగేసరికి దానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి నేల మీద పెడతారు. అప్పుడు కరెంటు అడుగు ఎత్తున కూడా ఉండదు, నేల మీదే ఉంటుంది. నీళ్లు గుమ్మం దాటగానే ముందు తడిసేది అదే."

ఆయన వరండాలో కుప్ప వైపు చూశారు. నేను ఒక్కో బోర్డూ తీసి ఇది ఎక్కడ వాడేవాళ్లని అడుగుతూ పోయాను. అది తేలడానికి గంట పట్టింది. గజాలు, అడుగులు కొలిచిన సమయం కంటే ఆ గంటే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఆరు బోర్డుల కథ

మొదటిది మాస్టారి మంచం దగ్గరిది. ఆ గదిలో మంచానికి రెండు పక్కలా పాయింట్లున్నాయి, కానీ ఉత్తరపు గోడకి. ప్లాన్ గీసినాయన కిటికీ చూసుకుని మంచం తల అటు వేశాడు. గృహప్రవేశం రోజునే మామ్మగారు, "ఉత్తరానికి తల పెట్టి పడుకుంటార్రా ఎవరైనా?" అని మంచం దక్షిణపు గోడకి తిప్పించారట. అప్పటి నుంచి ఎనిమిదేళ్లు రెండు పాయింట్లు కాళ్ల దగ్గర ఖాళీగా ఉన్నాయి, తల దగ్గరికి వైరు మంచం కింద నుంచి పాకింది. వాస్తు నమ్ముతారా లేదా అన్నది నా పని కాదు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవడం మాత్రం నా పనే. మన ఇళ్లలో మంచం ఎటు ఉంటుందో, పొయ్యి ఏ మూల ఉంటుందో ఆర్కిటెక్టు కంటే ముందు పెద్దవాళ్లు తేల్చేస్తారు. వాళ్లని అడక్కుండా గోడ కొడితే రెండోసారి కొట్టాల్సి వస్తుంది.

రెండోది మామ్మగారిదే. ఆమె గదిలో పాయింటు గుమ్మం దగ్గర, మంచం కిటికీ దగ్గర. ఫోను, నెబ్యులైజరు, ఎండాకాలం టేబుల్ ఫ్యాను, మూడూ ఒకే బోర్డు మీద. ఇంకో పాయింటు కూడా ఉంది కానీ నేల నుంచి అడుగు ఎత్తున. "అంత కిందకి వంగితే మళ్లీ లేవడానికి ఎవరో ఒకరు రావాలి నాయనా" అన్నారామె.

మూడోది కూతురి చదువు బల్ల దగ్గర. పాయింటు ఉంది, దానికి అడ్డంగా తర్వాత కప్‌బోర్డు చేయించారు. వడ్రంగి ప్లైవుడ్‌కి కన్నం పెట్టలేదు, పాయింటు బీరువా వెనక సమాధి అయింది. నాలుగోది టీవీ కింద, సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు, సౌండ్ బార్. అక్కడ ఉన్న రెండు సాకెట్లు చాలలేదు. అయిదోది వంటగట్టు మీద, సింకు పక్కన! మిక్సీ, రైస్ కుక్కర్, ఈమధ్య కొన్న ఎయిర్ ఫ్రయ్యర్. ఆ బోర్డు ప్లగ్గు కాళ్లు నల్లగా మాడి ఉన్నాయి. దానికీ వరదకీ సంబంధం లేదు, వరద రాకపోయినా అది ఏదో ఒకరోజు అంటుకునేదే. ఆరోది ఇస్త్రీకి. డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తారు, దగ్గర్లో పాయింటు లేదు.

ఈ ఆరింటిలో పాయింట్ల సంఖ్య తక్కువై వచ్చినవి రెండే. మిగతా నాలుగూ పాయింటు ఉండి కూడా తప్పు చోట ఉండబట్టి వచ్చినవి.

డాలస్ నుంచి ఫోను

ఆ సాయంత్రం కొడుకు వీడియో కాల్ చేశాడు. "అన్నా, ఇక్కడ కోడ్ ఉంది. గోడ మీద ఏ చోటు తీసుకున్నా 6 అడుగుల్లోపు సాకెట్ ఉండాలి, అంటే రెండు సాకెట్ల మధ్య 12 అడుగులు దాటకూడదు. మన ఇంట్లో కూడా అలాగే వరసగా పెట్టేయండి."

అబ్బాయి చెప్పింది సరైనదే. అమెరికాలో లైట్లకీ సామాన్లకీ వైరు 6 అడుగులు ఉంటుందన్న లెక్కతో పెట్టుకున్న నియమం అది. ఎక్స్‌టెన్షన్ అవసరం రాకూడదన్నదే వాళ్ల ఉద్దేశం కూడా. కానీ అక్కడ గోడలు చెక్క చట్రానికి బోర్డు బిగించినవి, లోపలంతా ఖాళీ, వైరు తేలిగ్గా పోతుంది. ఇక్కడ ప్రతి పాయింటుకీ ఇటుక కొట్టాలి. అక్కడ 120 వోల్టులు, సాకెట్‌కి స్విచ్ ఉండదు. మనకి 230 వోల్టులు, సాకెట్ పక్కన స్విచ్ లేకపోతే ఎవరూ ఒప్పుకోరు. స్విచ్ ఉందంటే అది చేతికందాలి, సోఫా వెనక పెడితే లాభం లేదు. పైగా ఫోన్ చార్జర్ వైరు మీటరు పొడవుంటే గొప్ప. 6 అడుగుల దూరంలో సాకెట్ ఉందంటే మనకది లేనట్టే.

ఒక్క విషయంలో మాత్రం అతని మాట తీసుకున్నాను. హాల్లో సోఫా గోడ 14 అడుగులు, దాని మీద ఒక్క పాయింటూ లేదు. సోఫాకి రెండు చివర్లా ఒక్కొక్కటి పెట్టాను.

సుద్దముక్క

గోడలు ఆరేదాకా పని మొదలుపెట్టేది లేదు. దసరాకి ఇంట్లోకి వచ్చేయాలని మాస్టారి పట్టు, కానీ ఇటుక లోపల తడి అలాగే ఉంది. ఆ ఆగిన రోజుల్లో ఒక పూట నలుగురినీ ఇంటికి రప్పించి నేల మీద సుద్దముక్కతో సామాన్లు గీశాం. మంచం ఆరున్నర అడుగులకి ఆరు అడుగులు. దానికి అటూ ఇటూ అడుగున్నర పక్క బల్లలు. కప్‌బోర్డు తలుపు తెరిస్తే ఎక్కడిదాకా వస్తుందో, ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా గీయించాను. తర్వాత గీతల మధ్య నడవమన్నాను. మామ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, మంచం మీద ఉన్నట్టే అనుకుని చెయ్యి చాపమన్నాను. చెయ్యి తగిలిన చోట గోడ మీద గీత పెట్టాం. నేల నుంచి 30 అంగుళాలు వచ్చింది.

ఈ పనికి నేను విడిగా డబ్బు తీసుకోను, కానీ ఇది లేకుండా గోడ మీద మిషన్ పెట్టను. 22 ఏళ్లలో నేను రెండోసారి కొట్టిన గోడలన్నీ ఇది ఎగ్గొట్టిన ఇళ్లలోనివే.

ఎత్తులు ఎలా తేలాయి

పడగ్గదిలో మంచం పక్క బోర్డు అడుగు అంచు నేల నుంచి 26 అంగుళాలు. పక్క బల్ల 20 అంగుళాలు ఉంటుంది, దాని మీద ఫోను పెడితే వైరు వంగకుండా ఉండాలంటే ఆ ఖాళీ చాలు. మంచం మధ్య నుంచి బోర్డు మధ్యకి 3 అడుగుల 9 అంగుళాలు కొలిచాను. మంచం అంచుకి దగ్గరగా పెడితే తలవైపు చెక్క బోర్డుని సగం కప్పేస్తుంది, చార్జర్ పట్టదు. ఒక్కో పక్కా రెండు సాకెట్లు, ఒక లైటు స్విచ్చు. గుమ్మం దగ్గరా మంచం దగ్గరా ఒకే లైటుకి టూ వే.

మామ్మగారి బోర్డు ఆమె చెయ్యి చెప్పిన 30 అంగుళాల దగ్గరే. ఫ్యాను స్విచ్చు, రెగ్యులేటరు కూడా అందులోకే తెచ్చాను. రాత్రి పూట ఎవరినీ లేపక్కర్లేదని ఆమె సంతోషం.

చదువు బల్ల ఎత్తు 30 అంగుళాలు, పాయింట్లు 36 దగ్గర, అంటే బల్ల మీదకే కనబడేటట్టు రెండు బాక్సులు. బల్ల కింద పెడితే అమ్మాయి రోజూ దూరి ప్లగ్గు పెట్టాలి.

వంటింట్లో ఎక్కువసేపు ఆగాను. పొయ్యి ఆగ్నేయం మూల, తూర్పుకి తిరిగి వండాలి, ఆ గట్టు మారదు. సింకు అదే గట్టుకి ఈశాన్యం వైపు చివర. మధ్యలో మిగిలింది అయిదడుగులు. పొయ్యి మీద పాయింటు పెడితే ఆవిరి, నూనె జిడ్డు పట్టి స్విచ్చు జిగురైపోతుంది. సింకు మీద పెడితే నీళ్లు చిమ్ముతాయి. రెండిటికీ రెండేసి అడుగులు వదిలితే మిగిలింది ఒక్క అడుగు. పక్కన ఉత్తరపు గోడకి ఇంకో చిన్న గట్టు వేయిస్తే మిక్సీ, కుక్కర్ అక్కడికి పోతాయని అమ్మగారితో అన్నాను. అదే కుదిరింది. పాయింట్లు గ్రానైట్ పైనుంచి 10 అంగుళాల మీద. మరీ దగ్గరగా పెడితే పిండి రుబ్బినప్పుడు, గట్టు తుడిచినప్పుడు తడుస్తుంది. అడుగున్నర పైన పెడితే మిక్సీ వైరు గాల్లో వేలాడి చేతికి తగులుతుంది. మూలకి అడుగు ఇవతలే ఆపాను, ఎందుకంటే మూలలో మిక్సీ కూర్చుంటే దాని వెనక పాయింటుకి చెయ్యి పోదు.

మాడిన ప్లగ్గు లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు, అంటే 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు. ఎయిర్ ఫ్రయ్యర్ 1500 వాట్లంటే ఆరున్నర. 6 ఆంపియర్ల సాకెట్‌కి ఈ రెండూ ఎక్కువే. మిక్సీ 750 వాట్లు, అది 6 ఆంపియర్లలో హాయిగా తిరుగుతుంది. ఇండక్షన్, మిక్సీ, 1200 వాట్లు లాగే ఓవెన్ ఒకేసారి పెడితే 17 ఆంపియర్లు దాటుతుంది, 16 ఆంపియర్ల లైను ఒక్కటే అయితే దాని హద్దు మించినట్టే. కాబట్టి వంటింటికి రెండు లైన్లు, రెండూ రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు. గట్టు మీద నాలుగు సాకెట్లలో మూడు 16 ఆంపియర్లవి. కొంచెం ఖర్చు ఎక్కువే, కానీ రేపు ఏం కొంటారో నాకేం తెలుసు?

ఫ్రిజ్ పాయింటు ఇదివరకు దాని వెనక అడుగు ఎత్తున ఉండేది. వరదలో ముందు పోయింది అదే. ఇప్పుడు పక్క గోడకి నాలుగున్నర అడుగుల మీద పెట్టాను, ఫ్రిజ్ జరపకుండా స్విచ్ తీయొచ్చు. వాషింగ్ మిషన్, వాటర్ ఫిల్టరు కూడా ఆ ఎత్తులోనే. ఇస్త్రీ పాయింటు డైనింగ్ టేబుల్ పక్క గోడకి నాలుగడుగుల మీద, 16 ఆంపియర్లది. ఇస్త్రీకి వైరు పై నుంచి వస్తేనే మంచిది, బట్టల మీద పాకదు. వాకిట్లో దీపావళి లైట్లకి మూత ఉన్న పాయింటు అయిదడుగుల మీద. కళ్లాపి చల్లే వాకిలి, కింద పెట్టే ప్రసక్తే లేదు.

స్నానాల గదుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గీజరు పాయింటు 7 అడుగుల పైన, స్విచ్ బయట. షవర్ కింద నిలబడ్డ మనిషి చెయ్యి చాపితే అందే చోట ఏ సాకెట్టూ లేదు.

చివరికి మొత్తం 29 పాయింట్లు. బురద గీత కింద 8, పైన 21. అడుగు ఎత్తున ఒక్కటీ లేదు. పండగలకి ఇల్లు బకెట్లతో కడిగే మనకి, వరద లేకపోయినా, అడుగు ఎత్తు పాయింటు నాకు నచ్చదు. కింద ఉన్న ఎనిమిదీ చెయ్యి అడిగింది కాబట్టి ఉన్నాయి.

కింది లైను

ఆ ఎనిమిదింటిలో మామ్మగారిది ఇన్వర్టర్ లైనులో ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. మిగతా ఏడింటికీ వేరే లైను వేశాను, వేరే ఎంసీబీ, వేరే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసేది). డీబీ, అంటే ఎంసీబీలన్నీ ఉండే పెట్టె, ఆరడుగుల మీద. ఎంసీబీ పక్కన తెలుగులో "కింది ప్లగ్గులు" అని రాసి అతికించాను. వాన ముదిరి వీధిలో నీళ్లు నిలవడం మొదలైతే ఆ ఏడింటికీ ఆ ఒక్కటీ దింపేస్తే చాలు. పైన లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ నడుస్తూనే ఉంటాయి, సామాన్లు సర్దుకోవడానికి వెలుగు ఉంటుంది. గుమ్మంలోకి నీళ్లు వచ్చేస్తే మాత్రం మెయిన్ దింపాల్సిందే.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఇన్వర్టర్. మెయిన్ దింపితే ఇంట్లో కరెంటు లేదనుకుంటారు, అప్పుడే ఇన్వర్టర్ అందుకుని దాని లైనులోకి 230 వోల్టులు పంపుతుంది. ఆ లైనులో ఉన్న సాకెట్ నీళ్లలో ఉంటే? పాత ఇంట్లో ఇన్వర్టర్ హాలు మూల నేల మీదే ఉండేది, బ్యాటరీతో సహా మునిగింది. ఇప్పుడు మెట్ల మధ్య మలుపు దగ్గర, వరద గీతకి రెండడుగుల పైన, గాలి ఆడే చోట పెట్టాం. దాని లైనుకి డీబీ పక్కనే విడిగా ఐసొలేటర్ (ఆ లైనుని పూర్తిగా విడదీసే స్విచ్చు) ఉంది. ఇన్వర్టర్ లైనులో గీత కింద పాయింటు ఒక్కటే, మామ్మగారిది. ఆమె నెబ్యులైజరు కోసం తప్పలేదు. ఐసొలేటర్ దింపితే అదీ పోతుంది.

నేను చేసిన తప్పులు

పని కార్తీక మాసంలో ముగిసింది. ముగిశాక మూడు చోట్ల మళ్లీ పని పడింది.

టీవీ వెనక నాలుగు సాకెట్ల బాక్సు, కింద బల్లలోకి వైర్లు దిగడానికి రెండంగుళాల ఖాళీ పైపు పెట్టాను. నేల మీద అన్నీ గీసినవాణ్ని, గోడ మీద టీవీ చుట్టుకొలత కూడా గీసినవాణ్ని, దాన్ని పట్టే బ్రాకెట్ గీయలేదు. తర్వాత కొన్న 55 అంగుళాల టీవీ బ్రాకెట్ సరిగ్గా నా బాక్సు మీదికి వచ్చింది. లప్పం పెట్టిన గోడ మళ్లీ కొట్టి 8 అంగుళాలు పక్కకి జరిపాను. ఆ ఖర్చు నాదే.

రెండోది ఆర్‌సీసీబీ. మామ్మగారి గదిలో ఏది పెట్టినా టప్పున పడిపోతోంది. అర పూట వెతికితే తేలింది ఏమిటంటే, ఇన్వర్టర్ లైనుకి విడిగా లాగిన న్యూట్రల్‌ని మా కుర్రాడు పక్క లైను న్యూట్రల్‌తో కలిపేశాడు. వెళ్లిన కరెంటు ఒక దారిన, తిరిగొచ్చేది ఇంకో దారిన అయితే ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీ అనుకుంటుంది. వైరు రంగు మార్చి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు, అది చెప్పాల్సింది నేను.

మూడోది గట్టు. నేను కొలిచింది పాత గ్రానైట్ మీద నుంచి. తర్వాత వాళ్లు దాని మీదే కొత్త గ్రానైట్ వేశారు, రెండంగుళాలు లేచింది. పాయింట్లు 8 అంగుళాల దగ్గరికి వచ్చాయి. వాడుకకి ఫరవాలేదు కానీ టైల్స్ మేస్త్రీ ప్రతి బాక్సు దగ్గరా టైల్ ముక్కలు కోయాల్సి వచ్చి నన్ను ఆరోజంతా తిట్టుకున్నాడు. అందుకే కొత్త ఇళ్లలో కూడా ముందే అడుగుతాను, తయారైన నేల ఎక్కడికి వస్తుందని. కంకర నేల మీద నుంచి కొలిస్తే ఫ్లోరింగ్ మూడు నాలుగు అంగుళాలు మింగేస్తుంది. ట్యూబ్ లెవెల్‌తో గోడల మీద ఒక గీత కొట్టించి, అన్ని కొలతలూ దాని నుంచే తీయాలి.

నాలుగున్నర అంగుళాల గోడలో మాత్రం తప్పు చేయలేదు. అటు గదిలో బాక్సుకి సరిగ్గా వెనక ఇటు గదిలో బాక్సు పెడితే మధ్యలో ఇటుకంటూ మిగలదు. ఈ గదిలో మాట ఆ గదిలో వినబడుతుంది, ప్లగ్గు గట్టిగా లాగితే రెండు బాక్సులూ కదులుతాయి. కనీసం 9 అంగుళాలు పక్కకి జరపాలి. ప్లాస్టరింగ్ ముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫొటో తీసి మాస్టారికి పంపాను. పాయింటుకి సరిగ్గా పైన నిలువు వరసలో మేకు కొట్టొద్దని, దేవుడి పటమైనా సరే అర అడుగు పక్కకి పెట్టమని చెప్పాను.

ఏడాది తర్వాత

మరుసటి వానాకాలం ఒక రాత్రి వాన గట్టిగా పడితే మాస్టారు కింది ప్లగ్గుల ఎంసీబీ, ఇన్వర్టర్ ఐసొలేటర్ దింపేసి నాకు ఫోను చేశారు. వీధిలో నీళ్లు మోకాలు దాకా వచ్చి ఆగిపోయాయి, గుమ్మం ఎక్కలేదు. తెల్లారాక మళ్లీ ఎత్తుకున్నారు. నన్ను రమ్మనలేదు.

దసరాకి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డులు లెక్కపెట్టాను. రెండు. ఒకటి వాకిట్లో సీరియల్ లైట్లకి, పండగ నాలుగు రోజులే. రెండోది హాల్లో దివాన్ పక్కన. చదువు బల్ల మీద ఇస్త్రీకి పెట్టిన బట్టల గుట్ట ఉంది, నేను అంత లెక్కేసి 36 అంగుళాల మీద పెట్టిన రెండు పాయింట్లూ దాని వెనక దాక్కున్నాయి. అమ్మాయి దివాన్ మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ల్యాప్‌టాప్‌లో మాక్ టెస్టు రాస్తోంది. సుద్దముక్క పట్టుకున్న రోజున బల్ల దగ్గరే చదువుతానని నాతో చెప్పింది.

"అన్నా, ఇక్కడొక పాయింటు పెట్టవా?" అంది నవ్వుతూ.

ఆ గోడ నాలుగున్నర అంగుళాలది, అవతల మామ్మగారి బోర్డు ఉంది. 9 అంగుళాలు పక్కకి జరిపి, 26 అంగుళాల మీద గీత పెట్టి వచ్చాను.